కార్కసోన్: పలక అదృష్టానిది, పావు ఆటగాడిది

కార్కసోన్ ఆడుతున్నవారిని పక్కన నిలబడి చూస్తే ఆట చాలా తేలికగా కనిపిస్తుంది. ఒక పలక తీయాలి, అది ఎక్కడ అతుకుతుందో అక్కడ పెట్టాలి, కావాలంటే దాని మీద ఒక చిన్న చెక్క పావు నిలబెట్టాలి. ఏ పలక వస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు కాబట్టి ఇది పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట అనిపిస్తుంది. కానీ పది పదిహేను ఆటలు వరసగా ఆడినచోట వేరే సంగతి బయటపడుతుంది. పలకలు ప్రతిసారీ కొత్తగా కలుస్తాయి, గెలిచేవారు మాత్రం ఎక్కువగా వాళ్లే ఉంటారు. దీనికి కారణం ఆట నిర్మాణంలోనే ఉంది.

క్లుప్తంగా

ఏ పలక చేతికొస్తుందో ఎవరూ నిర్ణయించలేరు. ఒక ఖాళీ గడిలో ఎన్ని రకాల పలకలు పడతాయో మాత్రం ముందే లెక్కపెట్టవచ్చు. ఏడు పావుల్లో ఏది ఎంతసేపు బల్ల మీద ఇరుక్కుంటుందన్నది ఆటగాడి నిర్ణయమే. ఫలితాన్ని ఎక్కువగా తేల్చేవి ఈ రెండు లెక్కలే. పొలాల నియమం పాత, కొత్త ముద్రణల్లో వేరువేరుగా ఉంది కనుక ఏది పాటిస్తున్నారో మొదటి పలక పెట్టకముందే మాట్లాడుకోవాలి.

పెట్టెలో ఉన్నవి

క్లాస్-యుర్గెన్ వ్రెడె రూపొందించిన ఈ ఆటను జర్మనీకి చెందిన హాన్స్ ఇమ్ గ్లూక్ సంస్థ 2000లో తెచ్చింది. జర్మనీలో ఏటా ఒక ఆటకు ఇచ్చే స్పీల్ దెస్ యారెస్ పురస్కారం 2001లో దీనికి వచ్చింది. ఆట పేరు దక్షిణ ఫ్రాన్స్‌లో కోటగోడలున్న పట్టణానిది. ఆ కోట 1997 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది.

పెట్టెలో 72 పలకలుంటాయి. వెనుక రంగు తేడాగా ఉన్న ఒకటి ఆరంభ పలక, మిగిలిన 71 ఆటలో తీసేవి. పావులు 5 రంగుల్లో, రంగుకు 8 చొప్పున 40. ఎనిమిదింటిలో ఒకటి పాయింట్ల పట్టీ మీద నడుస్తుంది, ఆడటానికి మిగిలేవి 7. మనిషి ఆకారంలో ఉండే ఈ పావులను ప్రపంచమంతా మీపుల్ అంటారు. 2000లో అలిసన్ హాన్సెల్ అనే ఆటగత్తె 'నా మనుషులు' అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లిష్ మాటలను కలిపి ఆ పేరు పెట్టింది. కొత్త ముద్రణల్లో నది పలకలు 12, మఠాధిపతి అనే ప్రత్యేక పావు కూడా పెట్టెలోనే వస్తున్నాయి. ఈ రెండూ ఐచ్ఛికం. ఇక్కడి లెక్కలన్నీ అవి లేని మూల ఆటకే.

వంతులో వరస తప్పితే

ఒక వంతులో మూడు పనులుంటాయి. పలక తీసి, ఇప్పటికే ఉన్న పలకల అంచులతో సరిపోయేలా పెట్టాలి: రోడ్డుకు రోడ్డు, నగరానికి నగరం, పొలానికి పొలం. తర్వాత, ఇష్టమైతే, ఆ పలక మీదే ఒక పావు పెట్టవచ్చు. చివరగా, ఆ పలకతో ఏదైనా పూర్తయితే పాయింట్లు లెక్కించి, అందులోని పావును వెనక్కి తీసుకోవాలి. తీసిన పలక ఎక్కడా పట్టకపోతే దాన్ని పక్కనపెట్టి ఇంకొకటి తీస్తారు.

కొత్తవారు ఎక్కువగా తడబడేది రెండో, మూడో పనుల వరస దగ్గర. పావు పెట్టడం ముందు, లెక్క తర్వాత. దీని నుంచి రెండు పర్యవసానాలు వస్తాయి. ఎవరి పావూ లేని రెండు పలకల నగరాన్ని మూసే పలక వస్తే, అదే వంతులో పావు పెట్టి, 4 పాయింట్లు తీసుకుని, పావును తిరిగి చేతిలోకి తెచ్చుకోవచ్చు. కానీ చేతిలో ఒక్క పావూ లేనప్పుడు, ఇప్పుడు పూర్తయిన నగరం నుంచి వచ్చే పావును ఇదే వంతులో మళ్లీ పెట్టడం కుదరదు. లెక్క ముగిసేసరికి పెట్టే అవకాశం దాటిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మఠం పలక వచ్చినవారికి ఈ నియమం గట్టిగా తగులుతుంది.

పూర్తయిన రోడ్డుకు పలకకు 1 పాయింటు. పూర్తయిన నగరానికి పలకకు 2, అందులో డాలు గుర్తున్న ప్రతి చోటుకీ మరో 2. మఠం చుట్టూ ఎనిమిది గళ్లూ నిండితే 9. ఆట ముగిసేసరికి పూర్తికాని నగరానికి పలకకు 1, డాలుకు 1 మాత్రమే వస్తాయి. రోడ్డు, మఠం మాత్రం అసంపూర్తిగా ఉన్నా పలకకు 1 ఇస్తాయి. అంటే పూర్తికాకపోతే నిజంగా నష్టపోయేది నగరమే, సగానికి సగం.

పాత ముద్రణల్లో రెండు పలకల చిన్న నగరానికి 2 పాయింట్లే ఇచ్చేవారు. ఇప్పటి నియమం ప్రకారం 4. పెట్టె పాతదై, ఆడేవారిలో ఒకరు కొత్త నియమం నేర్చుకుని వస్తే గొడవ మొదలయ్యే చోటు ఇదే.

288 అంచులు, కొన్ని పూడని గళ్లు

72 పలకలకు నాలుగేసి వైపులు, మొత్తం 288 అంచులు. వాటిలో పొలం అంచులు 115, రోడ్డు అంచులు 94, నగరం అంచులు 79. పైపైన చూస్తే మూడూ దగ్గరదగ్గరగా ఉన్నట్టే ఉంటుంది. ఆటను నడిపించేది మాత్రం ఈ మొత్తాలు కాదు. ఒకే పలక మీద ఏ అంచు పక్కన ఏది ఉందన్నదే అసలు విషయం.

ఉదాహరణకు ఒక నగరం ఒక్క అంచు దగ్గర తెరుచుకుని ఉంది, ఆ ఖాళీ గడికి మరోవైపు ఏ పలకా లేదనుకుందాం. విడిగా ఒక నగరపు అంచు ఉండి, ఆ నగరాన్ని మూయగల పలకలు మొత్తం 23. వాటిలో ఒకటి ఆరంభ పలకే కాబట్టి తీయడానికి మిగిలేవి 22. దాదాపు ప్రతి మూడు పలకల్లో ఒకటి పనికొస్తుందన్నమాట. ఇప్పుడు ఆ గడికి పక్క వైపున ఎవరైనా రోడ్డు అంచుతో ఒక పలక పెట్టారనుకుందాం. 22 కాస్తా 9 అవుతుంది. అదే పక్కన పొలం అంచు వచ్చి ఉంటే 13 మిగిలేవి. పెట్టిన పలక ఒక్కటే, అయినా నగరం మూసుకునే అవకాశం సగానికి పైగా పడిపోయింది. ఎదుటివారి నగరాన్ని ముట్టుకోకుండానే ఆపడమంటే ఇదే.

మూడో వైపు కూడా బిగుసుకుంటే సంఖ్య ఇంకా పడిపోతుంది. నగరానికి ఎదురుగా రోడ్డు, ఒక పక్కన పొలం కావలసిన గడిలో పట్టేవి 3 పలకలే. నగరం, పక్కనే రోడ్డు, నగరానికి ఎదురుగా పొలం కావాలంటే ఆరంభ పలక లాంటివే కావాలి, అవీ 3 మాత్రమే. మూడు వైపుల నగరం, నాలుగో వైపు రోడ్డు కావాలంటే మళ్లీ 3. నాలుగు వైపులా రోడ్డు ఉన్న కూడలి 1, నాలుగు వైపులా నగరం ఉన్న పలక 1. ఒక వైపు రోడ్డు, మూడు వైపుల పొలం అయితే రోడ్డు చేరే మఠం పలకలు రెండే.

కొన్ని గళ్లకు పలకే లేదు. ఎదురెదురుగా రెండు నగరపు అంచులు, మిగిలిన రెండు వైపులా రోడ్లు కావలసిన గడిని మూల ఆటలోని ఏ పలకా పూడ్చలేదు. ఒక నగరం, ఒక రోడ్డు, రెండు పొలాలు కావలసిన గడికీ అదే గతి, ఏ వరసలో ఉన్నా సరే. రెండు నగరపు అంచులు, ఒక రోడ్డు, ఒక పొలం కలిసిన పలక కూడా లేదు. ఈ మూడు అమరికలను గుర్తుపెట్టుకున్నవారికి, చూడటానికి ఇంకా పూర్తయ్యేలా ఉన్న నగరం నిజానికి చచ్చిపోయిందని ముందే తెలుస్తుంది. తెలియనివారు ఆట చివరిదాకా దాని కోసం ఎదురుచూస్తూ పావును అక్కడే ఉంచేస్తారు. మఠం పక్కన అలాంటి గడి పడితే 9కి బదులు 8తో ఆగిపోవాలి. పోయేది ఒక్క పాయింటే, కానీ పావు ఇక ఇంటికి రాదు.

పలకలన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేదు. కొత్త ముద్రణల నియమ పుస్తకంలో ఏ రకం పలక ఎన్ని ఉన్నాయో బొమ్మలతో ఇచ్చారు. దాన్ని తెరిచి బల్ల మీద పెట్టుకుని ఆడటం తప్పేమీ కాదు. పిల్లలకు లెక్క నేర్పాలనుకునేవారికి అది మంచి పద్ధతి కూడా.

పావు ఎంతసేపు బయట ఉంటుంది

71 పలకలను ఇద్దరు పంచుకుంటే ఒకరికి 36, మరొకరికి 35 వంతులు వస్తాయి. ముగ్గురైతే 24, 24, 23. నలుగురైతే ముగ్గురికి 18, ఒకరికి 17. అయిదుగురైతే మొదటివారికి 15, మిగిలినవారికి 14 చొప్పున. పావులు మాత్రం ఎంతమంది ఆడినా ఏడే.

ఈ ఒక్క తేడాతో ఆట స్వభావమే మారిపోతుంది. ఇద్దరి ఆటలో ప్రతి వంతులోనూ పెట్టడానికి పావు ఉండాలంటే ఒక్కో పావు సగటున అయిదుసార్లు వెళ్లి రావాలి. అయిదుగురి ఆటలో రెండుసార్లు వెళ్లొస్తే చాలు. అందుకే అయిదుగురిలో ఒక పావును పొలంలో ఆట చివరిదాకా వదిలేసినా అంతగా తెలియదు. ఇద్దరిలో మొదటి పది వంతుల్లో మూడు పావులు ఇరుక్కుంటే మిగిలిన ఆటంతా నాలుగింటితో నెట్టుకురావాలి.

ఒక లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఎనిమిది పలకలు, రెండు డాళ్లు ఉన్న పెద్ద నగరం పూర్తయితే 20 పాయింట్లు, కాకపోతే 10. ఎనిమిది పలకలతోనే డాళ్లు లేని నాలుగు చిన్న నగరాలు కడితే నాలుగు నాలుగులు 16. పాయింట్లలో తేడా నాలుగే, కానీ చిన్న నగరాల్లో పావు నాలుగుసార్లు తిరిగొచ్చింది, ప్రతిసారీ ఒకటి రెండు వంతుల్లోనే. పెద్ద నగరంలో అది పది వంతులు కూర్చుంది, పైగా మూసుకుంటుందన్న హామీ లేదు. పెద్ద నగరం కళ్లకు ఇంపుగా ఉంటుంది, పిల్లలకైతే అదే ఆట మొత్తం. గెలుపు లెక్కలో మాత్రం చిన్న నగరానికే ఎక్కువ మార్కులు ఇవ్వాలి.

మఠం విలువ ఆడేవారి సంఖ్యను బట్టి మారుతుంది. దాని చుట్టూ నిండాల్సిన ఎనిమిది గళ్లను ఎదుటివారి పలకలు కూడా నింపుతాయి. నలుగురి ఆటలో ఒకరి వంతుకూ మళ్లీ వారి వంతుకూ మధ్య మూడు పలకలు పడతాయి కాబట్టి, సొంత వంతుల్లో కొలిస్తే మఠం త్వరగా నిండుతుంది. ఇద్దరి ఆటలో ఎదుటివారు కావాలనే దూరంగా ఆడితే ఎనిమిదింటిలో చాలా గళ్లు సొంతంగానే పూడ్చుకోవాలి. ఏ సంఖ్యలోనైనా మఠాన్ని పటం చివర విడిగా పెట్టడం కంటే ఇప్పటికే నాలుగైదు పొరుగు పలకలున్న సందులో ఇరికించడం మేలు. కాకపోతే మఠం పలకలు ఆరే, వాటిలో నాలుగింటికి నాలుగు వైపులా పొలమే ఉంటుంది కనుక అలాంటి సందు ప్రతిసారీ దొరకదు.

చేతిలో కనీసం ఒక పావు మిగుల్చుకోవాలన్న మాట ఈ ఆట ఆడేవారందరూ చెప్పేదే. దానికి కారణం ఇది: ఏడో పావు బయటికి వెళ్లిన క్షణం నుంచి వచ్చే ప్రతి మంచి పలకా ఉత్త పలకే. రోడ్డు మీద ఉన్న పావును రెండు మూడు పాయింట్లకే వెనక్కి రప్పించుకోవడం అలాంటప్పుడు పిసినారితనం కాదు. చిన్న రోడ్డు అసలు పని పాయింట్లు ఇవ్వడం కాదు, పావును ఇంటికి చేర్చడం.

చివరి ఘట్టంలో ఈ నియమం తిరగబడుతుంది. ఆట ముగిశాక చేతిలో ఉన్న పావుకు విలువ సున్నా. కుప్పలో 12 పలకలున్నాయంటే నలుగురిలో ఒక్కొక్కరికీ మూడు వంతులే మిగిలాయి. అప్పుడు చేతిలో మూడు పావులుంటే మూడూ ఎక్కడో ఒకచోట వాలాలి. రెండు పలకల రోడ్డయినా, ఒకే నగరం ఆనుకున్న పొలమైనా సరే. మిగిలిన పలకలను లెక్కపెట్టడం మరిచిపోయినవారే చేతిలో పావులతో ఆట ముగిస్తారు.

పొలం దగ్గర వచ్చే గొడవలు

పొలంలో పెట్టిన పావును, అంటే రైతును, పడుకోబెడతారు. అది ఆట ముగిసేదాకా తిరిగిరాదు. చివరన ఆ పొలాన్ని తాకే ప్రతి పూర్తయిన నగరానికీ 3 పాయింట్లు వస్తాయి. పొలంలో ఒకరికంటే ఎక్కువమంది రైతులుంటే, ఎవరివి ఎక్కువుంటే వారికే. సమానమైతే ఇద్దరికీ పూర్తి పాయింట్లు.

మొదటి ముద్రణల్లో లెక్క ఇలా ఉండేది కాదు. అప్పట్లో పొలాన్ని కాక నగరాన్ని పట్టుకుని లెక్కించేవారు. ఒక నగరాన్ని తాకే పొలాలన్నింటిలో కలిపి ఎవరి రైతులు ఎక్కువో వారికి 4 పాయింట్లు, ఆ నగరం లెక్క అంతటితో సరి. ఇప్పుడు ప్రతి పొలాన్నీ విడిగా చూస్తారు. కాబట్టి ఒకే నగరం రెండు పొలాలను తాకితే రెండు పొలాల యజమానులకూ మూడేసి వస్తాయి. నగరం ఒకటే, చెల్లింపు రెండుసార్లు. పాత నియమంలో రైతుల పోరు నగరాల చుట్టూ జరిగేది, కొత్త నియమంలో పొలం హద్దుల మీద జరుగుతుంది. హద్దులను గీసేది రోడ్లు కనుక రోడ్డు పలకకు కూడా కొత్త బలం వచ్చింది.

పొలం ఎక్కడ తెగుతుందో గుర్తించడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. రోడ్డు దాటి పొలం వెళ్లదు, నగరం దాటీ వెళ్లదు. ఒకే పలకలో రోడ్డుకు అటూ ఇటూ ఉన్నవి రెండు వేరు పొలాలు. రోడ్డు మఠం దగ్గర ఆగిపోయే పలకలో మాత్రం పొలం మఠాన్ని చుట్టి వెళ్తుంది, అందుకే అది ఒకటే పొలం. ఆరంభ పలకను చూడండి: పైన నగరం, మధ్యలో అడ్డంగా రోడ్డు, కింద పొలం. కింది పొలంలో రైతును పడుకోబెట్టి పై నగరానికి 3 పాయింట్లు అడిగేవారు చాలామంది. ఆ పలక మీద నగరాన్ని తాకేది రోడ్డుకూ గోడకూ మధ్య ఉన్న సన్నని పొలమే.

రైతును ఎప్పుడు పెట్టాలన్నది ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. మొదటి వంతుల్లోనే పెడితే పొలం ఎటు పెరుగుతుందో తెలియదు. ఒక రోడ్డు అడ్డం పడి రెండు నగరాలకే పరిమితమైతే 6 పాయింట్ల కోసం ఒక పావు ఆటంతా పోయినట్టు. మరీ ఆలస్యమైతే మంచి పొలంలో ఎదుటివారి రైతు ముందే పడుకుని ఉంటాడు. రైతు ఉన్న పొలంలోకి నేరుగా ఇంకొకరు దిగకూడదు, విడి పొలంలో పెట్టి తర్వాత కలపాలి. మధ్యస్థంగా, మూడు నాలుగు నగరాలు మూసుకుని, చుట్టూ రోడ్లు ఏ దారి పట్టాయో కనిపిస్తున్నప్పుడు పెట్టడమే ఎక్కువ సందర్భాల్లో సరైనది. అయిదు నగరాలు తాకితే 15 పాయింట్లు, ఒక పావుకు అంతకంటే మంచి ధర అరుదుగా పలుకుతుంది.

పొలానికీ చిన్న నగరాలకూ ఒక చిక్కుముడి ఉంది. పైన చెప్పిన ఎనిమిది పలకలు ఒకే పెద్ద నగరమైతే దాన్ని ఆనుకున్న పొలానికి దక్కేది 3. నాలుగు చిన్న నగరాలైతే 12. అందుచేత పొలం ఎదుటివారిదైనప్పుడు దాని పక్కన చిన్న నగరాలు మూస్తూ పోవడమంటే, 4 తీసుకుంటూ 3 ఇస్తూ పోవడమే. అలాంటప్పుడు నగరాలను వేరే పొలం వైపు కట్టాలి, లేదా ఆ పొలంలోకి సొంత రైతును చేర్చాలి.

పక్కవారి నగరంలోకి దారి

ఇప్పటికే పావున్న నగరంలోకి నేరుగా పావు పెట్టకూడదు. కానీ విడిగా మొదలుపెట్టిన రెండు నగరాలు తర్వాత ఒక పలకతో కలిస్తే అది ఒకే నగరం. పావులు ఎక్కువున్నవారికే మొత్తం పాయింట్లు, సమానమైతే ఇద్దరికీ పూర్తిగా వస్తాయి. పంచుకోవడం ఉండదు.

ఈ చొరబాటుకు రెండు వంతులు కావాలి: ముందు పక్కన ఒక నగరపు ముక్క పెట్టి దానిలో పావు, తర్వాత కలిపే పలక. ఆ ముక్కను ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి అవకాశం మారిపోతుంది. ఎదుటివారి తెరిచిన అంచు ముందున్న ఖాళీ గడికి సరిగ్గా ఎదురు వైపున పెడితే, కలపడానికి ఎదురెదురు అంచులను జోడించే పలక కావాలి. అలాంటివి మొత్తం 11. అదే ఆ గడికి పక్క వైపున, అంటే ఎదుటివారి పలకకు మూలగా పెడితే, ఆనుకున్న రెండు అంచులను జోడించే పలకలు పనికొస్తాయి. అవి 18. మూలగా రావడమే మేలని అనుభవజ్ఞులు చెప్పడానికి ఆధారం ఈ రెండు సంఖ్యలే. కలిపే గడికి ఎదుటివారు ఏ అంచును అడ్డం పెడతారో చూసుకుంటూ ఉండాలి. ఒకే రోడ్డు అంచుతో ఈ 18లో సగానికి పైగా తుడిచేయవచ్చు.

ఇద్దరి ఆటలో సమానంగా పంచుకున్న నగరం ఎవరికీ లాభం కాదు, ఇద్దరికీ అంతే వచ్చింది కాబట్టి. అక్కడ చొరబాటుకు అర్థం ఎదుటివారి ఆధిక్యాన్ని చెరిపేయడం, కుదిరితే రెండో పావు చేర్చి మొత్తం లాక్కోవడం. నలుగురి ఆటలో మాత్రం సమానంగా కలిసిన ఇద్దరూ మిగిలిన ఇద్దరి మీద ఒకేసారి ముందుకు పోతారు. అందువల్ల అక్కడ చొరబాటు దాడిలా కాక పొత్తులా పనిచేస్తుంది. నగరం త్వరగా మూసుకోవడానికి ఇద్దరూ పలకలు పెడతారు. ప్రపంచ చాంపియన్‌షిప్ ఆటలు ఇద్దరి మధ్యే జరుగుతాయి. అక్కడ కనిపించే కఠినమైన అడ్డగింపులను చూసి ఇంట్లో నలుగురి ఆటలో అలాగే ఆడబోతే ఒరిగేది తక్కువ. ఒకరిని ఆపడానికి ఖర్చుపెట్టిన వంతు లాభం మిగిలిన ఇద్దరికీ ఉచితంగా పోతుంది.

మిగతా పలకల ఆటలు అదృష్టాన్ని ఎలా కట్టడి చేశాయి

పలక తీయడంలో ఉన్న అదృష్టాన్ని ఒక్కో ఆట ఒక్కో తీరుగా మచ్చిక చేసుకుంది. 108 పలకల క్విర్కిల్‌లో, ఆరు ఆకారాలు, ఆరు రంగులు, ఒక్కోటి మూడేసి, ఆటగాడి చేతిలో ఎప్పుడూ ఆరు పలకలుంటాయి. ఈ వంతుకు పనికిరానిది తర్వాతి వంతుకు దాచుకోవచ్చు. ఆ ఆట 2011లో స్పీల్ దెస్ యారెస్ గెలిచింది. 2017లో గెలిచిన కింగ్‌డొమినోది వేరే ఉపాయం. బ్రూనో కథాలా రూపొందించిన అందులో 48 జంట పలకలకు వెనుక 1 నుంచి 48 దాకా అంకెలుంటాయి. మంచివాటికి పెద్ద అంకె. ఎంచుకునే పలకలు అందరికీ కనిపించేలా వరసగా పరుస్తారు, మంచి పలక తీసుకున్నవారికి తర్వాతి ఎంపికలో వంతు ఆలస్యంగా వస్తుంది. అదృష్టానికి ధర కట్టడమన్నమాట. పైగా ఎవరి పటం వారిదే, ఒకరి పలక మరొకరికి అడ్డం రాదు.

కార్కసోన్‌లో చేతిలో నిల్వ లేదు, ఎంపిక లేదు. ఒక పలక వస్తుంది, వెంటనే పెట్టాలి. దానికి బదులుగా పటం అందరిదీ ఒకటే, పావులు తక్కువ. నచ్చని పలకను కూడా ఎదుటివారి గడి పక్కన పెట్టి పని చేయించుకోవచ్చు. పనికిరాని పలక అంటూ ఉండదని చెప్పలేం గానీ, అలాంటిది అరుదు.

కొత్తవారితో, చిన్నపిల్లలతో

మొదటి రెండు మూడు ఆటల్లో పొలాలను వదిలేయడం మంచిది. కొత్త ముద్రణల నియమ పుస్తకం కూడా పొలాలను చివర అదనపు నియమంగానే ఇచ్చింది. పొలం లేనప్పుడు పావు వెళ్లి రావడం అనే అసలు లయ త్వరగా పట్టుబడుతుంది. వంతు ముగియగానే తర్వాతి పలక తీసుకుని చేతిలో ఉంచుకునే పద్ధతి చాలా ఇళ్లలో ఉంది. ఇతరులు ఆడుతుండగా ఆలోచించుకోవచ్చు కాబట్టి ఆట సాగదీతకు ఇదే మంచి మందు. చేతిలోని పలక అందరికీ కనిపించాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవాలి.

లెక్కలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది పావును ముందు ఎత్తేసి, పాయింట్లు తర్వాత కదపడం వల్ల. పట్టీ మీద పాయింట్లు కదిపాకే బల్ల మీది పావును ఎత్తాలన్న అలవాటు చేస్తే సగం వాదనలు తగ్గుతాయి. పట్టీ 50 గళ్లది. ఒక చుట్టు పూర్తయితే పట్టీ మీది పావును పడుకోబెట్టి గుర్తుపెట్టుకోవాలి. ఆరంభ పలకను బల్ల నట్టనడుమ పెట్టి, పెట్టె, కుప్పలు బల్ల కిందకో పక్కకో తీసేయాలి. పలక సుమారు 4.5 సెంటీమీటర్లే అయినా పటం ఒక పక్కకు పాకితే చిన్న బల్ల చాలదు.

మరీ చిన్నపిల్లల కోసం 2009లో వేరే ఆట వచ్చింది. అందులో 36 పలకలు, ప్రతి పలకకూ నాలుగు వైపులా రోడ్డే. కాబట్టి ఏ పలకైనా ఎక్కడైనా పడుతుంది, పూడని గడి అన్నదే ఉండదు. పాయింట్ల లెక్క లేదు. తన ఎనిమిది పావులనూ ముందుగా పటం మీద నిలబెట్టినవారు గెలుస్తారు. ఆ ఆట నుంచి పెద్దదానికి వచ్చిన పిల్లలకు రెండు కొత్త విషయాలు ఒకేసారి ఎదురవుతాయి. కొన్ని గళ్లు ఎప్పటికీ నిండవు, బల్ల మీదికి వెళ్లిన పావు వెనక్కి రావాలి. మొదటిదాన్ని మాటల్లో చెప్పే బదులు మూడు పూడని అమరికలను బల్ల మీద పరిచి, 72 పలకల్లో వాటికి సరిపడేది వెతకమంటే సరిపోతుంది. రెండోదానికి మొదటి ఆటలో ఏడు పావులకు బదులు నాలుగే ఇచ్చి చూడవచ్చు. కొరత తొందరగా తెలుస్తుంది, చిన్న రోడ్డును మూయడం ఎందుకో అడగాల్సిన అవసరం రాదు.